రెండో గెంతు

విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. "నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. ఈ ఏడాదే కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులోకి వచ్చాను. మా పీడీ సర్ వారానికి మూడు రోజులు పొద్దున్నే ఆర్కే బీచ్‌లో, కురుసుర సబ్‌మెరీన్ దగ్గర మొదలుపెట్టి ఇసకలో పరిగెత్తిస్తున్నారు. ఆయాసం తగ్గింది, తొడలు గట్టిపడ్డాయి. కానీ రీబౌండ్లన్నీ, అంటే షాట్ తప్పి రింగుకు తగిలి తిరిగొచ్చే బంతులన్నీ, అవతలి జట్టులో పొడుగమ్మాయిలే పట్టుకుపోతున్నారు. ఇసకలో పరిగెత్తితే గెంతు పెరగదా?"

ఆటా శరీరశాస్త్రమూ ఒకే చోట కలిసే ప్రశ్న ఇది. ఇంత మంచి ప్రశ్న వచ్చి చాలా రోజులైంది. ముందు చిన్న లెక్క వేద్దాం.

అవతలి పొడుగమ్మాయి 40 సెంటీమీటర్లు గెంతగలదు, మన అమ్మాయి 30 గెంతగలదు అనుకుందాం. బంతి రింగుకు తగిలింది. ఇద్దరూ ఒకేసారి లేచారు. మొదటి బంతి పొడుగమ్మాయిదే, అందులో వాదన లేదు. కానీ రింగు కింద ఆరేడు చేతులు ఒకదాన్నొకటి తోసుకుంటుంటే బంతి అంత తేలిగ్గా చేజిక్కదు. వేళ్లకు తగిలి మళ్లీ పైకి లేస్తుంది. అప్పుడు ఎవరు ముందు గెంతుతారు?

40 సెంటీమీటర్లు గెంతిన మనిషి గాలిలో ఉండేది 0.57 సెకను. 30 గెంతితే 0.50. భూమ్యాకర్షణ ఎవరికైనా ఒకటే కాబట్టి ఈ అంకెలు మారవు. మారేది, పాదం నేల తాకాక మళ్లీ లేవడానికి పట్టే సమయం. పొడుగమ్మాయి మోకాళ్లు బాగా వంచి, సర్దుకుని, అర సెకనులో లేచిందనుకోండి. మన అమ్మాయి 0.20 సెకనులో లేచింది. పొడుగమ్మాయి పాదాలు రెండోసారి నేల విడిచేది 1.07 సెకను దగ్గర. మన అమ్మాయి 0.70 దగ్గరే లేచి, 0.95 కల్లా పైకొస చేరిపోయింది. అంటే ఆమె చేయి బంతి దగ్గరుంది, అవతలి అమ్మాయి పాదాలు ఇంకా నేల మీదే ఉన్నాయి! తొందరలో గెంతు 5 సెంటీమీటర్లు తగ్గినా పరవాలేదు, పైకొసకు ఇంకా ముందే చేరుతుంది.

అమెరికా ఆటగాడు డెన్నిస్ రాడ్‌మన్ ఎత్తు 201 సెంటీమీటర్లు. అక్కడి పెద్ద లీగ్ ఎన్‌బీఏలో రింగు కింద ఆడేవాళ్లతో పోలిస్తే అది పొట్టే. 1992 నుంచి 1998 దాకా వరసగా 7 సీజన్లు రీబౌండ్లలో మొదటి స్థానం ఆయనదే. బంతిని ఒక వేలితో తట్టి, దిగీదిగగానే మళ్లీ లేచి తట్టి, మూడోసారికి పట్టుకునేవాడు.

ఈ 0.20 సెకను ఎక్కణ్నుంచి వస్తుంది? పిక్క కింద నుంచి మడమ దాకా వేలితో తడిమి చూడండి. బిగించిన మోకులా తగులుతుంది. అది అకిలీజ్ స్నాయుబంధనం. "కండరాన్ని ఎముకకు కలిపేది స్నాయుబంధనం" అని బడిలో ఒక్క వాక్యం బట్టీ పట్టించి ముందుకెళ్లిపోతారు. పిల్లలు దాన్ని ఉత్త తాడు అనుకుంటారు. అది స్ప్రింగ్ అని ఎవరూ చెప్పకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. సాగదీస్తే దాచుకున్న శక్తిలో దాదాపు 90 శాతం తిరిగి ఇచ్చేస్తుంది.

మామిడికాయలు కొట్టే పంగలకర్ర గుర్తు తెచ్చుకోండి. సైకిల్ ట్యూబు రబ్బరు స్నాయుబంధనం. కర్రను పట్టుకున్న పిడికిలి కండరం. రాయిని విసిరేది రబ్బరే, పిడికిలి కదలదు. కానీ పిడికిలి వదులైతే రబ్బరు సాగదు, రాయి కాళ్ల దగ్గరే పడుతుంది. 1997లో పరుగెత్తే టర్కీ కోళ్ల పిక్క కండరంలో కొలత పరికరాలు అమర్చి చూశారు. చదును నేల మీద పరిగెత్తేటప్పుడు, పాదం నేల మీద ఉన్నంతసేపూ కండరం దాదాపు పొడవు మారకుండా బిగిసి నిలబడింది. సాగి, తిరిగి కుంచించుకున్నది ఎక్కువగా స్నాయుబంధనమే.

పిడికిలి ఎంతసేపు బిగువుగా ఉంటుంది? గోడ పక్కన నిలబడి చూడండి. మోకాళ్లు వంచి, 4 సెకన్లు ఆగి, గెంతి సుద్దతో గుర్తు పెట్టండి. తర్వాత ఆగకుండా, వంగీవంగగానే గెంతండి. రెండో గుర్తు కొన్ని సెంటీమీటర్లు పైన ఉంటుంది. ఆగినప్పుడు కండరాన్ని కుంచింపజేసే మయోసిన్ అనే ప్రోటీన్ తలలు పట్టు వదిలి మళ్లీ పట్టుకుంటూ ఉంటాయి, సాగిన బిగువు వేడిగా కరిగిపోతుంది. అయితే ఇక్కడ శాస్త్రవేత్తల మధ్య పెద్ద వాదమే నడిచింది. లోతుగా వంగి గెంతినప్పుడు వచ్చే లాభం ఎక్కువగా స్ప్రింగుది కాదని, పైకి లేవడం మొదలయ్యే సరికే కండరం పూర్తి బలం పుంజుకుని ఉండటం వల్లేనని 1996లో ఒక బృందం చూపించింది. స్ప్రింగు రాజ్యం చేసేది నేల మీద పావు సెకను కూడా ఉండని చిన్న గెంతుల్లో. మనకు కావలసిన రెండో గెంతు అదే. దానికి తోడు, హఠాత్తుగా సాగిన పిక్క నుంచి వెన్నుపాముకు కబురు వెళ్లి బిగించమన్న ఆజ్ఞ తిరిగి రావడానికి దాదాపు 0.04 సెకను పడుతుంది. అందుకే అడుగు పడకముందే పిక్క బిగిసి ఉండాలి.

ఇక ఇసక. పొడి ఇసకలో అడుగు వేస్తే నేలే కిందికి జారుతుంది. పంగలకర్రను పిడికిలితో కాక బురదలో గుచ్చి లాగినట్టు! రబ్బరులోకి పోవలసిన శక్తి ఇసక రేణువులను జరపడానికి ఖర్చయిపోతుంది. గట్టి నేల మీద కంటే ఇసకలో పరుగుకు 1.6 రెట్లు శక్తి కావాలని 1998లో బెల్జియం పరిశోధకులు కొలిచారు. నడకకైతే 2.1 నుంచి 2.7 రెట్లు. అంటే పీడీ సర్ చేయిస్తున్నది వృథా కాదు. గుండెకు, తొడలకు అది గొప్ప పని, కీళ్లకు దెబ్బ కూడా తక్కువ. కానీ స్ప్రింగు మాత్రం అక్కడ నిద్రపోతుంది. వారానికి ఒక రోజు ఇసక ఉంచి, మిగతా రెండు రోజులు కోర్టు మీదికి మార్చమని సర్‌ను అడగొచ్చు.

కోర్టు మీద ఏం చేయాలి? తాడాటతో మొదలుపెట్టాలి. మోకాళ్లు పెద్దగా వంచకుండా, చీలమండలతోనే, నేల కాలుతున్నట్టు గెంతాలి. తర్వాత ఒక అడుగు ఎత్తున్న పెట్టె మీద నుంచి దిగి, తాకీతాకగానే లేవాలి. కొత్తవాళ్లు ఒక పూటకు 80 నుంచి 100 సార్లకు మించి నేల తాకకూడదు. మధ్యలో రెండు రోజుల విరామం ఇవ్వాలి. పిడికిలి బలానికి, అంటే కండరానికి, బరువుతో గుంజీలు, మడమలు ఎత్తడం కూడా ఉండాలి. స్నాయుబంధనానికి రక్తప్రసరణ తక్కువ, కండరమంత త్వరగా గట్టిపడదు. తొందరపడితే మోకాలిచిప్ప కింద నొప్పి మొదలవుతుంది. గెంతులు ఎక్కువైతే ఈ ఆటలో మామూలుగా వచ్చే గాయాల్లో అదొకటి.

బాస్కెట్‌బాల్ ఆడితే పొడుగవుతారన్న నమ్మకంతో పిల్లల్ని కోర్టుకు తెచ్చే తల్లిదండ్రులు మన ఊళ్లో చాలామంది ఉన్నారు. పొడుగువాళ్లు ఈ ఆటలో నిలదొక్కుకుంటారు, అందుకే అలా కనిపిస్తుంది. ఎముకల కొసల్లోని పెరుగుదల పలకలు యౌవనం చివర్లో మూసుకుపోతాయి. డిగ్రీ వయసులో ఏ ఆటా ఎత్తు పెంచదు. సాధించుకోగలిగింది ఆ 0.20 సెకనునే.

దాన్ని ఎక్కడ వాడాలన్నది వ్యూహం. అవతలి జట్టు జోన్ ఆడుతుంటే ఒక్కొక్కరు ఒక్కో చోటును కాస్తారు, మనిషిని కాదు. కాబట్టి బాక్స్ అవుట్ చేయడానికి ఎవరి వీపు ఎవరికి అడ్డం పెట్టాలో తేల్చుకునేలోపే బంతి రింగును తాకుతుంది. మూల నుంచి వేసిన షాట్ తప్పితే ఎక్కువగా అవతలి మూల వైపుకే పోతుంది. మన అమ్మాయి అక్కడ నిలబడాలి. పట్టుకోలేకపోయినా తట్టాలి, దిగాలి, లేవాలి. ఆ బంతి దొరికితే షాట్ వేయడానికి జట్టుకు మళ్లీ 14 సెకన్లు.

కొలుచుకోవడానికి ఫోన్ చాలు. సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్‌లో పాదాలను మాత్రమే తీయమని ఒక స్నేహితురాలికి ఇవ్వాలి. పాదం నేల తాకిన ఫ్రేము నుంచి విడిచిన ఫ్రేము దాకా లెక్కపెట్టాలి. 0.20 సెకను అంటే 48 ఫ్రేములు. ఇవాళ 90 వచ్చినా కంగారు పడొద్దు. ఆరు వారాల తర్వాత అదే కోర్టులో, అవే బూట్లతో మళ్లీ లెక్కపెట్టి నాకు రాయమ్మా.