ఆయాసం ఊపిరితిత్తుల్లో, జబ్బు గుండెలో

వాన ఆగినా కోనసీమ పల్లపు చేలు ముంపులోనే ఉండిపోతాయి. సముద్రం పోటు మీద ఉంటే మురుగు కాలువ దిగదు, నీరు వెనక్కి ఎగదన్నుతుంది. గుండె వైఫల్యంలో ఊపిరితిత్తులకు పట్టే గతి అచ్చం ఇదే.

ఊపిరితిత్తుల్లో శుభ్రపడ్డ రక్తం గుండె ఎడమ వైపుకు చేరుతుంది. ఆ రక్తాన్ని ఒళ్లంతటికీ తోసే గది, అంటే ఎడమ జఠరిక, బలహీనపడినా, బిరుసెక్కి సరిగా సాగకపోయినా, వచ్చిన రక్తం వెనక సిరల్లో నిలుస్తుంది. ఊపిరితిత్తుల సన్న రక్తనాళాల్లో మామూలుగా 8–12 మిల్లీమీటర్ల పాదరసం ఉండే ఒత్తిడి 18 దాటితే, నీరు గాలిగదుల చుట్టూ ఊరడం మొదలవుతుంది. 25 దాటితే గదుల్లోకే దిగుతుంది. రక్తంలోని ప్రోటీన్లు నీటిని పట్టి ఉంచే బలం కూడా దాదాపు అంతే మరి. ఒత్తిడి ఏళ్ల తరబడి మెల్లగా పెరిగినవారిలో లింఫ్ నాళాలు వెడల్పై ఆ నీటిని తోడేస్తాయి. అందుకే కొందరి ఎక్స్‌రే శుభ్రంగానే కనిపిస్తుంది.

తడిసిన ఊపిరితిత్తి బిరుసెక్కుతుంది, ప్రతి శ్వాసకీ కండరాలు ఎక్కువ కష్టపడాలి. రక్తనాళాల పక్కనే ఉండే జె గ్రాహకాలనే నాడీ కొసలు ఈ వాపును పసిగట్టి శ్వాసను వేగంగా, పైపైన ఆడేలా చేస్తాయి. వీటిని కనిపెట్టింది మన దేశపు శాస్త్రవేత్త అవతార్ సింగ్ పైంటాల్. ఆక్సిజన్ తగ్గకముందే ఆయాసం రావడానికి ఇదొక కారణం. కాబట్టి ఆక్సీమీటర్ 97 చూపిందని ధైర్యపడి ఊరుకోవద్దు. శ్వాసనాళాల గోడలు ఉబ్బితే పిల్లికూతలూ వస్తాయి. దాన్ని ఉబ్బసం అనుకుని నెలల తరబడి ఇన్‌హేలర్‌తో సరిపెట్టేస్తారు. ఈ పొరపాటు చాలా ప్రమాదం.

తేడా చెప్పేది పడక. పడుకోగానే కాళ్లలోని రక్తం ఛాతీకి చేరి ఊపిరితిత్తుల మీద భారం పెరుగుతుంది. దిండు మీద దిండు వేసుకోవాల్సి రావడం, నిద్రపట్టిన గంటా రెండు గంటలకు ఊపిరాడక లేచి కూర్చోవడం గుండెవైపు వేలు చూపే గుర్తులు. నాట్లప్పుడు వంగిన అర నిమిషంలోనే ఆయాసం వస్తే అదీ చెప్పాలి. వంగినప్పుడు గుండెలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

ఒంట్లో నిలిచిన ప్రతి 9 గ్రాముల ఉప్పూ దాదాపు లీటరు నీటిని పట్టి ఉంచుతుంది. రోజుకి మొత్తం 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా, దాటకూడదు. ఆవకాయ, ఉప్పు చేప, చల్ల మిరపకాయలు, అప్పడాలు అన్నీ ఈ లెక్కలోవే. రోజూ పొద్దున్నే మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు బరువు చూసి రాసుకోవాలి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరే. కాళ్ల వాపు కోసం ఆగకుండా డాక్టర్ని కలవాలి. కీళ్ల నొప్పులకి మెడికల్ షాపులో కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ బిళ్లలు ఉప్పునూ నీటినీ ఆపేస్తాయి, నీరు తీసే మందు పనిని చెడగొడతాయి. స్పైరొనోలాక్టోన్ అనే నీరు తీసే మందు వాడేవారు కొబ్బరి బొండాలు తాగేముందు డాక్టర్ని అడగాలి. వాటిలో పొటాషియం ఎక్కువ, మందు దాన్ని ఒంట్లోనే నిలుపుతుంది.

గులాబీ రంగు నురగ కక్కుతూ ఊపిరాడకపోతే వెంటనే 108. బండి వచ్చేదాకా పడుకోబెట్టకండి, నీళ్లు పట్టకండి. మంచం అంచున కాళ్లు కిందికి వేలాడేలా కూర్చోబెట్టండి. కాళ్లలోకి దిగిన రక్తం ఆ మేరకు ఊపిరితిత్తుల బరువు తగ్గిస్తుంది.