బిళ్ళకూ బిళ్ళకూ మధ్య

గుంటూరు కొత్తపేటలో న్యూరో డాక్టరు గది బయట కూర్చుని ఉన్నాం. నాన్నకు కొన్నేళ్ళుగా పార్కిన్సన్స్ జబ్బు, దానికి రోజూ బిళ్ళలు వాడుతున్నారు. ఆయన భుజాలు ఊగుతున్నాయి. తల ఒక పక్కకు వాలుతుంది, మళ్ళీ లేస్తుంది. కుర్చీ కింద కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. పక్కనున్న పెద్దావిడ జాలిగా చూసి, "వణుకు బాగా ముదిరినట్టుందమ్మా, డోసు పెంచమని అడగండి" అంది. మేము వెళ్ళింది అది అడగడానికే. అంతకు ముందు వారం అమ్మ చూడలేక మధ్యాహ్నం బిళ్ళకు ఇంకో అర బిళ్ళ కలిపి వేసింది కూడా. ఆ పూట ఊగడం ఇంకా ఎక్కువైంది.

డాక్టరు గారు మా మాటంతా విని ఒక్కటే అడిగారు: "ఇలా ఊగడం బిళ్ళకు ముందా, బిళ్ళ వేసిన గంటకా?" మా దగ్గర జవాబు లేదు. రెండు వారాలు టైము వేసి రాసుకు రమ్మన్నారు.

మా పిల్లవాడి పాత రఫ్ నోట్సులో రాశాం. మూడో రోజుకే తేడా తెలిసిపోయింది. వణుకు వేరు, ఊగడం వేరు. వణుకు చెయ్యి ఒళ్ళో ఖాళీగా ఉన్నప్పుడు వచ్చేది, సెకనుకు నాలుగైదుసార్లు, ఒక లయలో. అదీ బిళ్ళ టైము దగ్గర పడ్డప్పుడు. ఊగడం మాత్రం బిళ్ళ వేసిన గంటకు మొదలై, ఇంకో గంటకు సర్దుకునేది. దానికి లయ లేదు, ఒళ్ళంతా మెలికలు తిరిగినట్టు ఉండేది. దీన్ని డిస్కైనేసియా అంటారు. మందు చాలక వచ్చేది కాదు, ఆ గంటలో మందు మోతాదు మించడం వల్ల వచ్చేది. ఒక్కో పూట తగ్గించాల్సిన డోసును మేము పెంచమని అడగబోయాం.

పార్కిన్సన్స్ మందుల విషయంలో ఇంట్లోవాళ్ళు పడే కష్టంలో సగం ఇక్కడే ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఏ ఇబ్బంది జబ్బుది, ఏది మందుది, మందుదైతే ఎక్కువై వచ్చిందా, తక్కువై వచ్చిందా? మనిషిని చూస్తే తెలియదు. గడియారం చూస్తేనే తెలుస్తుంది.

మెదడు లోపలి భాగంలో నల్లగా కనిపించే చిన్న పట్టీ ఒకటుంది. అక్కడి కణాలు డోపమైన్ తయారుచేస్తాయి. మన కదలికలు సాఫీగా సాగేది దానివల్లే. ఆ కణాలు ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే పోతూ, సుమారు సగం పోయాక గానీ వణుకు, బిగుసుకుపోవడం బయటికి కనిపించవు. డోపమైన్‌నే బిళ్ళగా ఇవ్వచ్చు కదా అంటే, అది రక్తం నుంచి మెదడులోకి పోవడం కుదరదు. దాని ముడిసరుకైన లెవోడోపా పోగలదు. అందుకే ఆ మందు వచ్చి యాభై ఏళ్ళు దాటినా ఈ జబ్బుకు ప్రధానమైన మందు అదే.

చిక్కల్లా ఏమిటంటే, లెవోడోపా రక్తంలో ఎక్కువసేపు నిలవదు. గంటన్నరకు సగం పోతుంది. మరి మొదటి మూడు నాలుగేళ్ళు రోజుకు మూడు బిళ్ళలతో రోజంతా హాయిగా ఎలా గడిచింది? ఇంట్లో సంపు ఉంటే మున్సిపల్ కుళాయి ఎప్పుడొచ్చి ఎప్పుడు ఆగిపోయిందో మనకు పట్టదు. మిగిలిన కణాలే ఆ సంపు. వచ్చిన మందును దాచుకుని కొంచెం కొంచెంగా వదులుతాయి. జబ్బు పెరిగేకొద్దీ సంపు చిన్నదవుతుంది. ఇక కుళాయి వచ్చినంతసేపే నీళ్ళు. బిళ్ళ పట్టినప్పుడు మనిషి 'ఆన్', దిగిపోతే 'ఆఫ్'. నాన్న ఇంట్లో ఈ మాటలే వాడతారు: "ఇప్పుడు ఆఫ్‌లో ఉన్నాను, కాసేపాగి స్నానం చేస్తా."

ఆ నోట్సు చూసి డాక్టరు మందు పెంచలేదు, తగ్గించనూ లేదు. రోజుకు నాలుగుసార్లు ఒకటిన్నర బిళ్ళ వేసేదాన్ని ఆరుసార్లు ఒక్కొక్కటి చేశారు. రోజు మొత్తానికి లెక్క అదే, ఆరు. కానీ ఎత్తులు తగ్గాయి, లోతులూ తగ్గాయి. వారం తిరిగేసరికి ఊగడం బాగా నెమ్మదించింది.

నోట్సులో ఇంకో వింత బయటపడింది. ఆదివారం పొద్దుటి బిళ్ళ పట్టడం లేదు. మిగతా రోజుల్లో ముప్పావుగంటకు వేళ్ళు వదులయ్యేవి, ఆదివారం పది దాటినా కాళ్ళు నేలకు అతుక్కున్నట్టే ఉండేవి. ఆదివారం మా ఇంట్లో పెసరట్టు ఉప్మా. నాన్న పెసరట్టు తింటూ బిళ్ళ వేసుకునేవారు. పెసలు మాంసకృత్తుల గని. అవి అరిగితే వచ్చే అమైనో ఆమ్లాలు పేగు నుంచి రక్తంలోకి, రక్తం నుంచి మెదడులోకి వెళ్ళే దారే లెవోడోపాదీను. అవి గుంపుగా వచ్చాయంటే బిళ్ళ బయటే నిలబడిపోతుంది. అలాగని పెసరట్టు మానక్కర్లేదు. తిండి తగ్గి, ఒళ్ళు తగ్గిపోతే అది ఇంకో ప్రమాదం. బిళ్ళ ఆరింటికి, పెసరట్టు ఏడింటికి. పప్పు, గుడ్డు, మాంసం, పాలు అన్నిటికీ ఇదే వరస. రక్తహీనతకు వేసే ఐరన్ మాత్ర కూడా లెవోడోపాను పట్టేసుకుంటుంది, అందుకే రెండిటికీ గంటల ఎడం ఉండాలి.

మందు మార్చినప్పుడు స్ట్రిప్ మీది అంకె చూసి కంగారుపడేవాళ్ళు చాలామంది. 110 బిళ్ళ 125 అయింది, డోసు పెంచేశారని మేమూ టెన్షన్ పడ్డాం. ఆ రెండిటిలోనూ లెవోడోపా 100 మిల్లీగ్రాములే. మిగతా 10 లేదా 25 కార్బిడోపా. లెవోడోపా మెదడుకు చేరకముందే దారిలో డోపమైన్‌గా మారిపోకుండా ఆపేది అదే. దారిలో మారిన డోపమైన్ వాంతి కేంద్రాన్ని తాకుతుంది, అందుకే కొత్తలో వికారం. కార్బిడోపా రోజుకు 70 మిల్లీగ్రాములైనా లేకపోతే చాలామందికి ఆ వికారం తగ్గదు. అంటే మా విషయంలో మారింది బలం కాదు, వికారానికి కాపలా పెరిగింది.

ఈ వికారం వెనక పెద్ద కథే ఉంది. 1960ల మొదట్లో లెవోడోపా ఇచ్చి చూసినవాళ్ళలో చాలామంది, రోగులు వాంతులతో తల్లడిల్లడం చూసి, ఇది పనికిరాదని వదిలేశారు. 1967లో అమెరికాలో జార్జ్ కాట్జియాస్ చిన్న మోతాదుతో మొదలుపెట్టి వారాల తరబడి మెల్లగా పెంచుకుంటూ పోయాడు. మంచం పట్టినవాళ్ళు లేచి నడిచారు. "పావు బిళ్ళతో మొదలుపెట్టడమేమిటి, ఇన్ని వారాలేమిటి" అని మనం విసుక్కునే పద్ధతే ఆ మందును మందుగా నిలబెట్టింది. కొత్త డోసు పూర్తి ఫలితం తేలడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. రెండు రోజులకే పనిచేయలేదని తీర్పు చెప్పడం తొందరే.

వికారానికి వేసే మందు విషయంలో మాత్రం ఏమరుపాటు కూడదు. మెటోక్లోప్రమైడ్ డోపమైన్‌ను మెదడులోనే అడ్డుకుంటుంది, జబ్బు లక్షణాలను పెంచుతుంది. కళ్ళు తిరుగుతున్నాయంటే షాపులో ఇచ్చే సిన్నరిజిన్ కూడా అంతే. వీధి చివరి మందుల షాపుకెళ్ళినా "పార్కిన్సన్స్ ఉంది" అని ముందు చెప్పాకే ఏదైనా అడగాలి.

అసలు కళ్ళు ఎందుకు తిరుగుతున్నాయో కూడా చూడాలి. ఈ జబ్బులోనూ, ఈ మందులతోనూ లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది. కూర్చున్నప్పటికంటే పై అంకె 20 తగ్గిందంటే పట్టించుకోవాల్సిందే. మే నెలలో మన గుంటూరు, విజయవాడ ఎండలకు ఒంట్లో నీరు ఇంకిపోతే ఇది మరీ ఎక్కువ. నాన్న ఒకసారి మంచం దిగుతూనే పడి నుదురు చిట్లింది. అప్పటిదాకా ఎవరం నిలబెట్టి బీపీ చూడలేదు. చూశాక డాక్టరు చేసిన మొదటి పని, పదిహేనేళ్ళుగా వాడుతున్న బీపీ మాత్ర తగ్గించడం.

కొన్ని దుష్ఫలితాలు సిగ్గు వల్ల చెప్పకుండా ఉండిపోతాయి. ఇదే జబ్బుకు వాడే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులతో కొందరికి ఆపుకోలేని కోరికలు పుడతాయి: ఫోనులో రమ్మీ, అక్కర్లేని కొనుగోళ్ళు, అర్ధరాత్రి తిండి, లైంగిక కోరిక. ఉన్నట్టుండి నిద్ర ముంచుకొస్తుంది కూడా, స్కూటర్ మీద ఉన్నా సరే. జీవితాంతం రూపాయి లెక్కచూసి ఖర్చుపెట్టిన మనిషి డబ్బు తగలేస్తుంటే అది బుద్ధి మారడం కాదు, మందు చేస్తున్న పని. డాక్టరుకు చెబితే మందు మారుస్తారు, చాలామందికి తగ్గిపోతుంది. గది మూల ఎవరో పిల్ల నిలబడి ఉందని కనిపించడం కూడా అలాంటిదే. దయ్యమనో, మతి పోయిందనో అనుకుని దాచిపెట్టడం వల్ల నెలలు వృథా అవుతాయి. అప్పుడు సాధారణంగా ఈ జబ్బుకే వాడే ట్రైహెక్సీఫెనిడిల్, అమంటడిన్ లాంటి మందులు ముందు తగ్గిస్తారు, లెవోడోపా జోలికి చివరికి వస్తారు.

ఎన్ని ఇబ్బందులున్నా మనంతట మనం మందులు ఒక్కసారిగా ఆపకూడదు. తీవ్రమైన జ్వరం, కండరాలు రాయిలా బిగుసుకుపోవడం, స్పృహ తప్పడం దాకా వెళ్ళి ప్రాణం మీదికి రావచ్చు. వేరే ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరినప్పుడు కూడా బిళ్ళల టైములు అక్కడివాళ్ళకు రాసివ్వాలి.

దూలగొండి పొడి వాడమని మాకు సలహా ఇవ్వనివాళ్ళు లేరు. ఆ మాటలో నిజముంది. దూలగొండి గింజల్లో లెవోడోపా ఉంటుంది, 1937లోనే దామోదరన్, రామస్వామి దాన్ని వేరుచేసి చూపించారు. కానీ చెంచా పొడిలో ఎంతుందో చాలా పొట్లాల మీద ఉండదు. బిళ్ళకు తోడు అదీ వేస్తే, ఎక్కువై ఊగుతున్నారో, తక్కువై వణుకుతున్నారో మా నోట్సు కూడా చెప్పలేదు. డాక్టరుకు చెప్పకుండా మాత్రం వద్దు.

ఇప్పుడు నోట్సు అమ్మ చేతిలో ఉంది. ఆరో తరగతి దాకా చదివిన అమ్మ, కూరగాయల పద్దు రాసినంత శ్రద్ధగా రాస్తుంది. మొన్నటి పేజీలో ఇలా ఉంది: "నాలుగింటికి బిళ్ళ. నాలుగు నలభైకి చొక్కా గుండీలు తనే పెట్టుకున్నారు. ఊగలేదు. రాత్రి మూడింటికి పక్క మీద ఇటు నుంచి అటు తిరగలేకపోయారు, నేను తిప్పాను. రాత్రికి వేరే బిళ్ళ ఉందేమో డాక్టరు గారిని అడగాలి."