అద్దెకున్నవాళ్ళు ఇంట్లో ఉండగానే బాత్రూమ్ పని: అపోహలు, వాస్తవాలు

"లోపల కిరాయికి ఉన్నారండీ. పాపం వాళ్ళకి ఇబ్బంది లేకుండా శనాదివారాల్లో బాత్రూమ్ పని తేల్చేయండి." హైదరాబాద్ పాత అపార్ట్‌మెంట్లలో రిపేర్లు చేసే మాకు ఈ మాట వినని వారం ఉండదు. ఓనరు డల్లాస్‌లోనో ఒంగోలులోనో ఉంటారు. కింది ఫ్లాటువాళ్ళు కారుతున్న సీలింగు ఫోటోలు తీసి అసోసియేషన్ గ్రూపులో పెడుతుంటారు. మధ్యలో అద్దెకున్న కుటుంబం, రేపట్నుంచి స్నానం ఎక్కడ చెయ్యాలా అని బెంగపెట్టుకుని కూర్చుంటుంది. ముగ్గురి బాధా నాకు అర్థమవుతుంది. కానీ ఆ రెండు రోజుల లెక్క మాత్రం శుద్ధ అబద్ధం. జనాన్ని అన్నిటికంటే ఎక్కువ ముంచుతున్నది అదే, కాబట్టి ముందు దాని సంగతే.

అపోహ: ఇంట్లో మనుషులున్నారు కాబట్టి పని రెండు మూడు రోజుల్లో ముగించాలి, ముగించవచ్చు కూడా

వాస్తవం: పగలగొట్టడం ఒకటి రెండు రోజుల పని. టైల్స్ వెయ్యడమూ అంతే. మిగతా టైమంతా సిమెంటూ, వాటర్‌ప్రూఫింగ్ కోటింగూ ఆరడానికి పడుతుంది. ముగ్గురు మేస్త్రీల్ని పెట్టినా, కూలి రెట్టింపు ఇచ్చినా అది తగ్గదు.

మన అపార్ట్‌మెంట్లలో చాలావరకు బాత్రూమ్ శ్లాబు మిగతా ఇంటికంటే ముప్పావు అడుగో, అడుగో దిగి ఉంటుంది. ఆ గుంతలో పైపులు పరిచి, ఇటుక ముక్కలు నింపి, పైన టైల్స్ వేస్తారు. నహానీ ట్రాప్ (నేలమీది నీళ్ళు బయటికి పోయే జాలీ కింద ఉండే గిన్నెలాంటి పైపు) దగ్గర జాయింటు వదులైందంటే నీళ్ళు ఆ ఫిల్లింగులో చేరతాయి. పైన టైల్స్ తళతళలాడుతూనే ఉంటాయి, కింద ఇంటి సీలింగు పెచ్చులూడుతుంది. సరిగ్గా చెయ్యాలంటే ఫిల్లింగంతా తోడేసి శ్లాబు కనబడేదాకా వెళ్ళాలి. పైపులు మార్చి, వాటిని పూడ్చకముందే ప్రెషర్ టెస్టు చెయ్యాలి. గోడా నేలా కలిసే మూలల్ని సిమెంటుతో గుండ్రంగా తీర్చాలి, కోటింగు ముందుగా చిట్లేది అక్కడే. కోటింగు రెండుసార్లు, మొదటిది నిలువుగా కొడితే రెండోది అడ్డంగా. గోడమీదికి కనీసం అడుగు ఎక్కించాలి, షవర్ ఉన్న వైపు ఇంకా పైకి. డబ్బామీద ఎన్ని రోజులు ఆరనివ్వమని రాసుంటే అన్ని రోజులూ ఆరనివ్వాలి.

ఆ తర్వాత ట్రాప్ మూతి బిగించి, రెండంగుళాల నీళ్ళు నింపి, నీటిమట్టం దగ్గర గోడమీద గీత గీసి, 48 గంటలు వదిలెయ్యాలి. రెండోరోజు సాయంత్రం టార్చి తీసుకుని కింది ఫ్లాటుకి వెళ్ళి సీలింగంతా చేత్తో తడిమి చూస్తాం. పొడిగా ఉంటేనే మళ్ళీ ఫిల్లింగ్, పైన నీళ్ళు ట్రాప్ వైపు పోయేలా వాటం ఇచ్చి ఫ్లోరింగ్, దానిమీద ఇంకో కోటింగ్, టైల్స్, చివర్న గ్రౌట్, అంటే టైల్స్ మధ్య సందులు పూడ్చడం. అంతా కలిపి ఒక్క బాత్రూమ్‌కి రెండు వారాలు అనుకోండి. వానాకాలమైతే ఇంకో రెండు మూడు రోజులు.

రెండు రోజుల్లో చేస్తానన్న మనిషి ఏం చేస్తాడు? వీటిలో కంటికి కనపడనివన్నీ ఎగ్గొడతాడు. పాత టైల్స్‌మీదే కొత్తవి అతికిస్తాడు, లేదా సందుల్లో ఎపాక్సీ (గట్టిపడే జిగురులాంటి పేస్టు) నింపి చేతులు దులుపుకుంటాడు. కేవలం గ్రౌట్ పోయి కారుతుంటే ఎపాక్సీ సరిపోతుంది, ఆ పని మేమూ చేస్తాం. లోపల జాయింటు పోయినప్పుడు పైన సందులు మూసి ఏం లాభం?

మోతీనగర్‌లో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. అద్దెకున్నామెకి నెలల పాప, ఇంట్లో మోకాళ్ళ నొప్పుల అత్తగారు. మాకంటే ముందు ఎవరో వచ్చి వారాంతంలో పని ముగించి వెళ్ళారు. చూడ్డానికి టైల్స్ ముచ్చటగానే ఉన్నాయి. దసరా వచ్చేసరికి కింది ఇంట్లో పూజగది గోడ నల్లబడింది. ఓనరుగారు ఫోన్లో నాతో అన్న మొదటి మాట, "వాళ్ళు నీళ్ళు మరీ ఎక్కువ పోస్తారండీ, బట్టలన్నీ అక్కడే ఉతుకుతారు. అడ్వాన్సులో పట్టుకుంటాను." ఆమె గుమ్మంలో పాపనెత్తుకుని నిలబడి వింటోంది. "అన్నా, బాత్రూమ్‌ల నీళ్ళు పోసుకోక ఇంకేడ పోసుకుంటం?" అంది.

ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? బిందెలకొద్దీ పోసినా కిందికి దిగకుండా ఉండాల్సిందే బాత్రూమ్. నాలుగు టైల్స్ లేపి చూశాం. కింద ఇసుక వేలికి తడిగా అంటుకుంది. కోటింగు గోటితో గీకితేనే ఊడొచ్చింది. తడి ఆరని సిమెంటుమీద కొట్టేసి వెంటనే టైల్స్ పరిచేశారన్నమాట. ట్రాప్ జాయింటు పాతదే, దాన్ని ముట్టుకున్న ఆనవాలు లేదు. అంతా మళ్ళీ పగలగొట్టాల్సి వచ్చింది. ఓనరుకి ఒకే బాత్రూమ్‌కి రెండుసార్లు ఖర్చు, కింది ఇంటికి రంగులు వేయించిన ఖర్చు అదనం. ఆ పసిపాపకి రెండుసార్లు దుమ్ము. ఫోటోలన్నీ వాట్సాప్‌లో పంపాక అడ్వాన్సు మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

మరి రెండు వారాలు ఇంట్లో మనుషులెలా ఉండాలి? రోజులు తగ్గవు గానీ, ఇబ్బందిపడే గంటలు బాగా తగ్గించవచ్చు. చప్పుడూ దుమ్మూ ఎక్కువగా ఉండేది మొదట్లో చెక్కేటప్పుడు, తర్వాత టైల్స్ కోసేటప్పుడు. కోటింగు ఆరే రోజుల్లో, నీళ్ళు నింపి ఉంచిన రోజుల్లో ఆ తలుపు వేసే ఉంటుంది, ఇంట్లో పని నడుస్తున్నట్టే తెలియదు. తలుపు చుట్టూ పాలిథిన్ షీటు కట్టి టేపు వేయిస్తే, చెక్కేచోట నీళ్ళు చల్లుతుంటే, వంటగదిలోకి దుమ్ము చాలా తక్కువగా వస్తుంది. టైల్స్ కోసేది ఇంట్లో వద్దు, టెర్రస్‌మీదో పార్కింగులోనో పెట్టుకోమనండి.

అన్నిటికంటే ముందు మేం చూసేది నీళ్ళ లైను. పాత బిల్డింగుల్లో చాలాచోట్ల ఫ్లాటు మొత్తానికీ టెర్రస్‌మీద ఒకటే గేట్ వాల్వ్. దాన్ని కట్టేస్తే వంటింటి కుళాయిలో కూడా చుక్క రాదు. అందుకే మొదటిరోజు పొద్దున్నే, సుత్తి పట్టుకోకముందే, ప్లంబర్‌తో ఆ బాత్రూమ్ లైను విడిగా కట్ చేయించి డమ్మీ (పైపు మూతి మూసే బిరడా) బిగించి, జాయింటు పట్టాక మిగతా ఇంటికి నీళ్ళు వదిలేస్తాం. ఈ ఒక్కటి చేస్తే సగం గొడవలు పుట్టనే పుట్టవు. చాలామంది కాంట్రాక్టర్లు దీన్నెందుకు పట్టించుకోరో నాకు అర్థంకాదు. దానికయ్యేది కాస్త పైపు ముక్క, కాస్త టైము.

రెండు బాత్రూమ్‌లుంటే ఒకదాని తర్వాత ఒకటి. రెండూ ఒకేసారి పగలగొట్టమని ఎంత బతిమాలినా నేను ఒప్పుకోను. ఒకటే ఉన్న ఇల్లయితే పని ఒప్పుకునేముందే దారి చూసుకోవాలి. అదే బిల్డింగులో ఖాళీ ఫ్లాటుంటే తాళంచెవి అడగడం, లేదా ఆ కుటుంబం వేసవి సెలవులకి ఊరెళ్ళే రోజులు చూసుకోవడం. సంక్రాంతికి పెట్టుకుందాం అని మాత్రం అనకండి, అప్పుడు మేస్త్రీలూ ఊళ్ళకి వెళ్ళిపోతారు. ఇల్లు సరిగా వాడుకోలేని రోజులకి అద్దె తగ్గించండి అని ఓనర్లకి మొహమాటం లేకుండా చెప్తాను. చాలామంది ఒప్పుకుంటారు. అడిగేవాళ్ళు లేకే ఆగిపోతుంది.

అపోహ: కరెంటుదేముంది, ఇంట్లోదే వాడుకోవచ్చు

వాస్తవం: కిలోవాట్ చిప్పింగ్ మిషను (టైల్స్, సిమెంటు చెక్కేది) ఐదు గంటలు ఆడితే ఐదు యూనిట్లు. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం కింద జీరో బిల్లు వస్తున్న ఇళ్ళల్లో అద్దెకున్నవాళ్ళూ ఉన్నారు. నెలకి 200 యూనిట్లు దాటితే ఆ నెల జీరో బిల్లు రాదు. ఎండాకాలం కూలరు తిరిగే ఇంట్లో మన మిషను తోడైతే దాటడం ఎంతసేపు? ముందు మీటరు రీడింగు ఫోటో తీసిపెట్టుకోండి, ఆ నెల తేడా ఓనరు కట్టాలి.

అపోహ: నా ఇల్లు, ఎప్పుడంటే అప్పుడు మనిషిని పంపిస్తాను

వాస్తవం: అద్దెకిచ్చాక అది వాళ్ళు ఉంటున్న ఇల్లు. 2021లో కేంద్రం ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టంలో కనీసం 24 గంటల ముందు తెలపాలని, సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదని ఉంది. అది రాష్ట్రాలు స్వీకరిస్తేనే అమలవుతుంది. చట్టం సంగతి అలా ఉంచినా, స్నానం చేస్తున్న ఆడవాళ్ళున్న ఇంటికి చెప్పకుండా ప్లంబర్ని పంపడం ఏం మర్యాద?

అపోహ: రిపేరు అన్నారంటే ఖాళీ చేయించడానికే

వాస్తవం: కొందరు ఓనర్లు ఆ పని చేస్తారు, కాదనను. కానీ ప్రతి రిపేరూ అందుకు కాదు. అగ్రిమెంటు గడువు ఉండగా, పని మొదలైనంత మాత్రాన అది రద్దవదు. వాట్సాప్‌లో తిరిగే మెసేజీలు చదివి నిద్ర పాడుచేసుకోకండి. పని ఏమిటి, ఎన్ని రోజులు, అద్దె సంగతేమిటి, ఈ మూడూ ఓనరుతో మెసేజీలో రాయించుకోండి.

అపోహ: మేమే చేయించుకుని అద్దెలో కోసుకోవచ్చు

వాస్తవం: ఊరికే కోసుకోకూడదు. 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఓనరు చేయాల్సి ఉన్న రిపేరును, నోటీసిచ్చాక కూడా తగిన సమయంలో చెయ్యకపోతేనే ఆ హక్కు. అగ్రిమెంటులో వేరేగా రాసుకుని ఉంటే అదే చెల్లుతుంది.

అపోహ: వాసన రాని రంగులైతే పిల్లలున్నా భయంలేదు

వాస్తవం: కొత్త రంగు కంటే పాత రంగుని గీకేటప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు తలుపులకీ కిటికీ గ్రిల్స్‌కీ కొట్టిన ఆయిల్ పెయింట్‌ని పొడిగా గరుకు కాగితంతో రుద్దితే ఆ పొడి నేలమీద పడుతుంది, పాకే పిల్లల చేతులకంటుకుంటుంది. తడిపి రుద్దమనండి. ఆ గదిలోకి పిల్లల్ని రానివ్వకండి. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి.

చెమ్మగోడకి లప్పం పెట్టి వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తే ఆగిపోతుందనేది ఇంకోటి. ఆగదు, లోపల నీళ్ళు వచ్చే చోటు దొరకనంతకాలం ఉబ్బుతూనే ఉంటుంది. అడ్డుగోడ చిన్నదే కదా తీసెయ్యమంటారు మరికొందరు. పిల్లర్లు లేని పాత ఇళ్ళల్లో శ్లాబుని మోసేవి ఆ తొమ్మిదంగుళాల గోడలే, ఇంజినీరు చూడకుండా ఇటుక కూడా కదపొద్దు.

పని మొదలయ్యే ముందురోజు అద్దెకున్నవాళ్ళు ఫోన్లో ఇల్లంతా నిదానంగా వీడియో తియ్యండి. సీలింగులు, తలుపు చెక్కలు, ఫ్రిజ్, వాషింగ్ మిషను, ఇప్పటికే ఉన్న గీతలూ పగుళ్ళూ అన్నీ రావాలి. ఓనరుకీ కాంట్రాక్టరుకీ ఇద్దరికీ అదేరోజు పంపండి. బీరువా తాళం వేసి, దేవుడి పటాలమీద గుడ్డ కప్పి, పొద్దున తొమ్మిదికల్లా రెండు డ్రమ్ములు నీళ్ళు పట్టి పెట్టుకోండి.