పాత ఫైల్లో దొరికే హంతకుడు: చారిత్రక మిస్టరీ నవలపై అపోహలు - వాస్తవాలు

నేను డిటెక్టివ్ నవలలు రాస్తాను. ఇప్పుడు చేతిలో ఉన్నది ఫ్రాన్సులో జరిగే కథ. 1980ల్లో బోర్డో నగరంలో ఒక రిటైర్డు ఉద్యోగి హత్యకు గురవుతాడు. దాని మూలం రెండో ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్సులో చాలా భాగం జర్మన్ల చేతిలో ఉన్నప్పుడు, 1942లో జరిగిన యూదుల అరెస్టుల్లో ఉంటుంది. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు కథ తామే ఊహించేస్తారు. వాళ్లు ఊహించేదాంట్లో సగం ఒకప్పుడు నేనూ నమ్మినదే.

అపోహ: విలన్ అంటే బూట్లు టకటకలాడించే జర్మన్ ఆఫీసరే.

వాస్తవం: 1942 జులై 16, 17 తేదీల్లో పారిస్, దాని శివార్లలో 13,152 మంది యూదులను పట్టుకున్నారు. వాళ్లలో 4,115 మంది పిల్లలు. తలుపు తట్టింది ఫ్రెంచి పోలీసులే. అడ్రసులు ఎలా తెలిశాయంటే, 1940 అక్టోబరులో జర్మన్ల ఆదేశంతో యూదులు తామే పోలీసు స్టేషనుకు వెళ్లి పేర్లు రాయించుకున్నారు. పారిస్ ప్రాంతంలోనే సుమారు లక్షన్నర మంది. ఆంద్రే త్యులార్ అనే పోలీసు శాఖ అధికారి ఆ వివరాలతో కార్డులు తయారు చేయించాడు. పేరును బట్టి, వీధిని బట్టి, వృత్తిని బట్టి, జాతీయతను బట్టి ఎటునుంచి వెతికినా మనిషి దొరుకుతాడు.

అరెస్టులకు వెళ్లే పోలీసులకు ముందే సూచనలిచ్చారు. గ్యాస్, కరెంటు, నీళ్ల మీటర్లు కట్టేశారో లేదో చూడండి. పెంపుడు జంతువులనూ తాళాలనూ బిల్డింగు కాపలామనిషికి అప్పజెప్పండి. ఊరెళ్లేముందు మా అమ్మ చెప్పే జాగ్రత్తలు సరిగ్గా ఇవే. అవి చదివాక నా నవల్లోంచి జర్మన్ ఆఫీసర్ని తీసేసి, ఇలాంటి కాగితాలు టైపు చేసే గుమాస్తాను పెట్టుకున్నాను.

అపోహ: హంతకుడు పగ తీర్చుకోడానికి వచ్చిన బాధితుడే అయ్యుంటాడు.

వాస్తవం: సినిమాకైతే బాగుంటుంది. కానీ బాధితుల కుటుంబాలు ఏళ్ల తరబడి తిరిగింది కోర్టుల చుట్టూ. 1942లో ఫ్రెంచి పోలీసు వ్యవస్థను నడిపిన రెనె బూస్కేను 1993 జూన్ 8న పారిస్‌లో అతని ఇంటి దగ్గరే ఒకడు కాల్చి చంపాడు. కాల్చినవాడు బాధితుల తాలూకు మనిషి కాదు, పేరు కోసం పాకులాడినవాడు. దాంతో బూస్కే మీద జరగాల్సిన విచారణ శాశ్వతంగా ఆగిపోయింది. ఇన్నేళ్లు ఎదురుచూసినవాళ్లకు నోటికాడ కూడు తన్నేసినట్టయింది.

పగ కంటే బలమైన కారణం దాపరికం. మోరిస్ పపోన్ సంగతే చూడండి. యుద్ధకాలంలో బోర్డోలోని ప్రిఫెక్చర్‌లో (మన కలెక్టరేటు లాంటిది) ప్రధాన కార్యదర్శి. తర్వాత 1958 నుంచి 1967 దాకా పారిస్ పోలీసు అధిపతి, 1978లో బడ్జెట్ మంత్రి. 1981 మే 6న, అధ్యక్ష ఎన్నికల రెండో విడతకు సరిగ్గా నాలుగు రోజుల ముందు, ఒక వ్యంగ్య వారపత్రిక యూదుల తరలింపు మీద అతను సంతకం చేసిన పాత కాగితాలు అచ్చేసింది. అవి దొరికింది బోర్డోలోని జిల్లా రికార్డుల్లోనే. వాటిని బయటికి తెచ్చినవాళ్లలో ఒకరైన మిషెల్ స్లిటిన్‌స్కీ, 1942 అక్టోబరులో పోలీసులు ఇంటి మీదికొస్తే పైకప్పుల మీదుగా తప్పించుకున్న కుర్రాడు. ఆ ఫైలు పత్రికకు చేరేలోపే దాన్ని చూడకూడని మనిషి చూసుంటే? నా కథ అక్కడ పుట్టింది.

అపోహ: నలభై ఏళ్లు దాటాక కేసే ఉండదు, ఇక వాడికి భయమేంటి?

వాస్తవం: అప్పటి ఫ్రెంచి చట్టంలో మామూలు హత్యకు పదేళ్ల కాలపరిమితి. యూదులను శిబిరాలకు తరలించడం లాంటి మానవాళిపై నేరాలకు మాత్రం 1964 డిసెంబరులోనే ఆ పరిమితి ఎత్తేశారు. పపోన్ విచారణ 1997 అక్టోబరులో మొదలయ్యేనాటికి అతనికి 87 ఏళ్లు. 1998 ఏప్రిల్‌లో పదేళ్ల జైలుశిక్ష పడింది. కోపంతో చేసిన హత్య పదేళ్లకు మాఫీ అయిపోవచ్చు. యూదులను రైలుబండి ఎక్కించే జాబితా కింద పెట్టిన సంతకం మాత్రం మాఫీ కాదు. ముసలి గుమాస్తా ఒక సాక్షిని చంపడానికి తెగించాడంటే పాఠకుడు నమ్మేది ఈ లెక్క తెలిసినప్పుడే.

అపోహ: యూదులు బట్టలమీద కుట్టుకోవాల్సిన పసుపు నక్షత్రం, శిబిరంలో చేతిమీద పొడిచిన నంబరు రాసేస్తే వాతావరణం వచ్చేస్తుంది.

వాస్తవం: నేను బోల్తా పడింది ఇక్కడే. మొదటి డ్రాఫ్టులో 1942 ఎండాకాలం లియోన్ నగరంలో ఒక వీధిలో ఒక అమ్మాయిని కోటు మీద నక్షత్రంతో నడిపించాను. చదివిన మిత్రుడు ఎర్రపెన్నుతో పేజీ మొత్తం కొట్టేశాడు. ఆ ఏడాది జూన్ 7 నుంచి నక్షత్రం తప్పనిసరి చేసింది జర్మన్ ఆక్రమిత ప్రాంతంలోనే. లియోన్ అప్పటికి విషీ ప్రభుత్వం (జర్మన్లతో చేతులు కలిపిన ఫ్రెంచి ప్రభుత్వం) కింద ఉంది. అక్కడ నక్షత్రం ఎప్పుడూ పెట్టలేదు, డిసెంబరు నుంచి గుర్తింపు కార్డు మీద 'యూదు' అని ముద్ర కొట్టారు. సరిదిద్దుతూ వెతికితే అసలు సరుకు దొరికింది. ఆక్రమిత ప్రాంతంలో ఆరేళ్లు దాటిన ప్రతి యూదుకూ మూడేసి నక్షత్రాలు ఇచ్చి, వాటికిగాను బట్టల రేషన్లోంచి ఒక పాయింటు కోసుకున్నారు. ఈ ఒక్క ముక్క కోసం సీను మొత్తాన్ని పారిస్‌కి మార్చేశాను.

నంబరు సంగతి కూడా అంతే. పచ్చబొట్టు వేసింది పోలండులోని నాజీ శిబిరం ఆష్విట్జ్‌లో మాత్రమే. రైలు దిగగానే గ్యాస్ చాంబర్లకు పంపినవాళ్లకు అది కూడా వెయ్యలేదు.

అపోహ: కథ ఈ రోజుల్లోనే జరగాలి, అప్పుడే పాఠకుడికి దగ్గరగా ఉంటుంది.

వాస్తవం: వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. 1942లో ఇరవై ఏళ్లున్నవాడికి 1985లో అరవై మూడు. 2015లో తొంభై మూడు. ఆ వయసువాడు మేడమెట్లు ఎక్కొచ్చి గొంతు పిసికాడంటే ఎవరూ నమ్మరు.

అపోహ: ఆ కాలం చోట్లన్నీ ఇప్పుడు మ్యూజియాలైపోయాయి.

వాస్తవం: పట్టుకున్న యూదులను ఉంచిన, పారిస్ శివారులోని డ్రాన్సీ శిబిరం అసలు సగం కట్టి వదిలేసిన హౌసింగ్ కాలనీ. ఫ్రాన్సు నుంచి నాజీ శిబిరాలకు పంపేసిన సుమారు 76,000 మంది యూదుల్లో ఎక్కువమంది అక్కణ్నుంచే వెళ్లారు. యుద్ధం తర్వాత దాన్ని మళ్లీ అద్దె ఇళ్లుగా మార్చారు. ఇప్పటికీ అక్కడ కుటుంబాలు కాపురముంటున్నాయి. ముందు ఒక గూడ్సు పెట్టె నిలబెట్టి ఉంటుంది. నా నవల్లో డిటెక్టివ్ అక్కడికి వెళ్లి, శిథిలాలేవీ కనబడక, బాల్కనీలో బట్టలారేస్తున్న ఒకావిడను పలానా మెట్లు ఎటని అడుగుతాడు. ఆవిడ క్లిప్పు నోట్లో పెట్టుకునే చేత్తో చూపిస్తుంది.