గజ్జె చేసే పనే చిప్ కూడా

మా ఉత్తరాంధ్ర జానపద నృత్యం తప్పెటగుళ్లలో వాయించేవాళ్లు, ఆడేవాళ్లు అని రెండు జట్లు ఉండవు. గుండెల మీద తప్పెట, కాళ్లకి గజ్జెలు. ఎగిరేవాడే వాయిస్తాడు. అందుకే ఒంటికి సెన్సర్ కట్టుకుని నర్తకులే సంగీతాన్నీ లైట్లనీ నడుపుతారని ఎవరైనా చెబితే, విజయనగరం పల్లెల్లో పెరిగిన నాకు పెద్ద వింతగా అనిపించలేదు.

గజ్జెలో ఏముంటుంది? లోహపు గుల్ల, లోపల చిన్న గుండు. కాలు విసిరితే గుల్ల ముందు కదులుతుంది, గుండు ఉన్నచోటే ఉండబోతుంది. ఆ జడత్వం వల్లే రెండూ తగిలి మోగుతాయి. ఫోన్ అడ్డంగా తిప్పితే తెరని తిప్పే యాక్సెలెరోమీటర్‌లోనూ ఇదే కిటుకు. సన్నటి స్ప్రింగుల మీద వేలాడే ఒక సిలికాన్ నలుసు, దాని పక్కన కదలని పలకలు. కుదుపుకి నలుసు వెనకబడితే పలకలతో ఎడం మారుతుంది, ఆ మార్పుని సర్క్యూట్ విద్యుత్తు రూపంలో కొలుస్తుంది. గజ్జె మోగి ఊరుకుంటుంది. చిప్ మూడు దిక్కుల్లో, సెకనుకి వందల సార్లు అంకెలు చెబుతుంది.

కదలికతో శబ్దాన్ని నడపడం కొత్తేమీ కాదు. విజయనగరంలో సంగీత కళాశాల మొదలైంది 1919లో. ఆ మరుసటి ఏడాదే రష్యాలో లెవ్ తెరెమిన్ చెయ్యి తాకకుండా గాల్లో ఆడిస్తే పాడే వాయిద్యం చేశాడు. 1965లో న్యూయార్క్‌లో సంగీతకర్త జాన్ కేజ్, నృత్యకారుడు మెర్స్ కన్నింగ్‌హామ్ వేదిక మీద యాంటెన్నాలు పాతి, నర్తకులు వాటి దగ్గరికి వస్తే శబ్దాలు మారేలా చేశారు. కెమెరాతో కీళ్లని గుర్తుపట్టే కైనెక్ట్ అనే పరికరం 2010లో వచ్చింది. కానీ తప్పెటగుళ్లలో ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతారు. ఏ మోకాలు ఎవరిదో కెమెరాకి ఎలా తెలుస్తుంది? ఒంటికి కట్టేదే నయం.

రెండు మూడు వందల రూపాయల చిప్ ఒకటి కొని, తప్పెటగుళ్లు ఆడే మావయ్య చీలమండకి క్రేప్ బ్యాండేజీతో కట్టాను. అడుగు పడితే స్పీకర్‌లో డప్పు మోగాలి. ఒక్క అడుగుకి మూడు దెబ్బలు మోగాయి! పాదం నేలని తాకాక బ్యాండేజీ కూడా ఊగుతుంది మరి. దెబ్బ తర్వాత కాసేపు చెవులు మూసుకోమని ప్రోగ్రాంకి చెబితే, జోరు పెరిగినప్పుడు అసలు అడుగులే మింగేసింది. కాలు ఎత్తి ఊరికే నిలబెట్టినా మోగింది. కదలకపోయినా భూమ్యాకర్షణ వల్ల చిప్ 9.8 (మీటర్లు/సెకను²) చూపిస్తూనే ఉంటుంది. కాలు వంగితే అది మూడు దిక్కులకీ పంచుకుపోతుంది. నేనేమో ఒక్క దిక్కే చూస్తున్నాను.

అన్నిటికన్నా పెద్ద తంటా ఆలస్యం. "ఏటల్లుడూ, నా అడుగు ఎల్లిపోయాక నీ మోత వస్తంది," అన్నాడు మావయ్య. తప్పు బ్లూటూత్ స్పీకర్‌ది. అందులో సెకనులో పదో వంతు దాటి ఆలస్యం మామూలే. ఆ లోపు గాల్లో శబ్దం 34 మీటర్లు పోతుంది. అంటే తప్పెట వీధి చివర వాయిస్తుంటే ఇక్కడ ఆడినట్టే. వైరున్న స్పీకర్ పెడితే కొంత సర్దుకుంది.

చివరికి దరువు జోలికి పోవడం మానేశాను. దానికి గజ్జెలున్నాయి, వాటికి ఆలస్యం లేదు, బ్యాటరీ అక్కర్లేదు. గడిచిన నాలుగు సెకన్లలో ఒంట్లో ఎంత ఊపుందో సగటు తీసి, దాన్నిబట్టి వెనక శ్రుతినీ ఒక ఎర్ర లైటునీ పెంచి తగ్గించే పని చిప్‌కి అప్పగించాను. ఇక్కడ కాస్త ఆలస్యమైనా ఎవరికీ పట్టదు.

మావయ్య గట్టిగా ఎగిరి ఆగిపోయాడు. గజ్జెలు ఠక్కున ఆగాయి. లైటు మాత్రం నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది.

"నేనాగిపోనాను, అదింకా ఆడతందేటి?" అన్నాడు దాన్నే చూస్తూ.