నేలకు అరగని నూనె

కొన్నేళ్ళ క్రితం మా కంది చేను పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్‌ను దొంగలు రాత్రికి రాత్రే కిందికి దించేశారు. వాళ్ళకు కావాల్సింది లోపలి రాగి. అది పట్టుకుపోయి, నూనె మాత్రం చేలో పారబోశారు. తెల్లారి వెళ్ళి చూస్తే మంచం పట్టేంత మేర ఎర్రమట్టి నల్లబడిపోయి ఉంది. చెంబుతో నీళ్ళు పోసి చూశాను. ఇంకలేదు. తామరాకు మీద పోసినట్టు బొట్లు బొట్లుగా పక్కకు జారిపోయాయి. ఆ ఏడు అక్కడ కంది మొలవలేదు. గడ్డి కూడా లేవలేదు.

పెదనాన్న వచ్చి పిడికెడు మట్టి తీసి వాసన చూశాడు. "నేలకు అజీర్తి చేసింది రా. కాస్త పెంట తోలి, దున్ని వదిలెయ్. అదే అరిగిచ్చుకుంటది" అన్నాడు. అట్టాగే చేశాం. రెండు వానాకాలాలు గడిచాక ముందు గరిక వచ్చింది, ఆ తర్వాత కంది.

ఆయన అన్న అజీర్తి అనే మాట నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అది అక్షరాలా నిజం. పెట్రోలు, డీజిలు, మామూలు ట్రాన్స్‌ఫార్మర్ నూనె అన్నీ కార్బన్, హైడ్రోజన్ గొలుసులు. మట్టిలో ఉండే సూడోమోనాస్ లాంటి బాక్టీరియాకు అవి తిండే. కానీ వట్టి అన్నం తిని మనిషి బతకలేనట్టే, వట్టి కార్బన్‌తో వాటికి సరిపోదు. నత్రజని కావాలి, భాస్వరం కావాలి, తడి కావాలి, గాలి కావాలి. పశువుల పెంట మొదటి రెండూ ఇస్తుంది, వాన తడినిస్తుంది, నాగలి గాలినిస్తుంది. ఇదే పనిని పెద్ద ఎత్తున చేస్తే బయోరెమిడియేషన్ అంటారు. మన దేశంలోనే టెరి సంస్థ శాస్త్రవేత్తలు ఇలాంటి బాక్టీరియా జాతుల్ని కలిపి 'ఆయిల్‌జాపర్' తయారుచేశారు.

మరి నేలకు అరగనిది పడితే?

ప్రకాశం జిల్లా దొనకొండ వెళ్ళినప్పుడల్లా నాకు ఈ ప్రశ్న మెదులుతుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విమానాలు దిగి ఇంధనం నింపుకోవడానికి బ్రిటిష్ వాళ్ళు అక్కడ రన్‌వే వేశారు. యుద్ధం అయిపోయింది, వాళ్ళూ పోయారు, స్థలం మిగిలింది. దాన్ని మళ్ళీ వాడకంలోకి తేవాలన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ఆ మాట వచ్చినప్పుడల్లా రన్‌వే పొడవు గురించి, ఎకరాల గురించి మాట్లాడతారు. మట్టి గురించి ఎవరూ అడగరు. ప్రపంచంలో ఇలా సైన్యాలు వదిలేసి వెళ్ళిన చోట్ల మట్టి ఏం దాచుకుందో చదివినవాణ్ణి కాబట్టి నేను అడుగుతున్నాను.

నేను చదివిన వాటిలో పెద్ద కథ ఉత్తర ధ్రువం అంచున జరిగింది. సోవియట్ బాంబర్లు ధ్రువం మీదుగా వస్తాయేమోనన్న భయంతో అమెరికా, కెనడాలు 1957 నాటికి అలాస్కా నుంచి గ్రీన్‌లాండ్ వైపు రాడార్ కేంద్రాల వరస కట్టాయి. దాన్నే డ్యూ లైన్ (డిస్టెంట్ ఎర్లీ వార్నింగ్ లైన్, అంటే దూరం నుంచే ముందుగా హెచ్చరించే వరస) అంటారు. కెనడా గడ్డ మీదే 42 కేంద్రాలు. క్షిపణులు వచ్చాక వాటి అవసరం తగ్గింది. 1963లో కెనడాలో సగం కేంద్రాలు మూసేశారు, మిగతావాటిలో కొన్ని తర్వాతి దశాబ్దాల్లో మూతపడ్డాయి, కొన్ని కొత్త రాడార్ వరసలోకి మారాయి. పోయేటప్పుడు ఎవరూ ఊడ్చి పోలేదు. ఇంధనం డ్రమ్ములు, బ్యాటరీలు, జనరేటర్లు, విద్యుత్ సామాన్లు ఎక్కడివక్కడే వదిలేశారు. మారుమూల కదా, ఎవరు చూడొచ్చారు అనుకున్నారు. ఆ 'మారుమూల'లో అక్కడి ఆదివాసులైన ఇన్యూట్ ప్రజలు తరతరాలుగా వేటాడి బతుకుతున్నారు. సైన్యానికి మారుమూల అయిన చోటు వాళ్ళకు సొంతూరు.

అక్కడి విద్యుత్ సామాన్లలో, కొన్నిచోట్ల గోడల రంగుల్లో కూడా ఉన్నది పీసీబీ. పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్. మా చేలో పడింది మామూలు ఖనిజ నూనె. ఇది వేరు. రెండు బెంజీన్ వలయాలు, వాటి చుట్టూ క్లోరిన్ పరమాణువులు. ఆ క్లోరిన్లు ఎన్ని, ఎక్కడెక్కడ అన్నదాన్ని బట్టి మొత్తం 209 రకాలు. త్వరగా నిప్పంటుకోదు, విడిపోదు, కరెంటును పోనివ్వదు. అందుకే ఇంజనీర్లకు అది వరంలా కనిపించింది. ఆ గుణాలే నేలకు శాపం. క్లోరిన్లు ఎక్కువైన కొద్దీ బాక్టీరియా నోరు పెట్టలేదు. నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందువల్ల మట్టి నుంచి మొక్కకు కొంచెం, మొక్క తిన్న జంతువులో ఇంకొంచెం, దాన్ని తిన్న జంతువులో మరింత పోగవుతూ పోతుంది. 1980ల చివర్లో కెనడా ఉత్తరాన ఇన్యూట్ తల్లుల పాలను పరీక్షిస్తే, దక్షిణాన ఉండే తల్లుల పాలలో కంటే సుమారు 5 రెట్లు పీసీబీలు కనిపించాయి. అందులో ఎక్కువ భాగం రాడార్ కేంద్రాలది కాదు, ప్రపంచం నలుమూలల నుంచి గాలిలో, సముద్రంలో కొట్టుకొచ్చింది. కానీ కేంద్రాల చుట్టుపక్కల మట్టిలో, మొక్కల్లో ఉన్నది మాత్రం అక్కడే కారిపోయినది.

శుభ్రం చేయడానికి కెనడా పెట్టుకున్న గీత 50 పీపీఎం. అంటే టన్ను మట్టిలో 50 గ్రాములు. మన లెక్కలో చెప్పాలంటే, మూడు టన్నుల మట్టి నింపిన ట్రాక్టర్ ట్రక్కులో ఒక టీ గ్లాసుడు పీసీబీ కలిసిందనుకోండి. కంటికి కనపడదు, ముక్కుకు తెలియదు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన కనిగిరి వైపు వాళ్ళకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ రాళ్ళలోంచి సహజంగా వచ్చేదే అయినా, ఆ నీళ్ళు చూడ్డానికి తేటగానే ఉంటాయి, ఎముకలు వంగాకే తెలుస్తుంది.

ఆ గీత దాటిన మట్టిని అక్కడ ఉంచకూడదు. బాఫిన్ దీవి ఆగ్నేయ కొసన ఉన్న రిజల్యూషన్ ఐలాండ్‌లో (డ్యూ లైన్‌లోది కాదు గానీ అదీ అమెరికా వదిలేసిన రాడార్ కేంద్రమే) 1997లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి చేసిన పని అదే. మంచు కరిగే కొన్ని వారాలే పని రోజులు. ఎక్కువ పీసీబీ ఉన్న మట్టిని తవ్వి, పెట్టెల్లో నింపి, కాల్చడానికి ఓడల్లో దక్షిణానికి పంపారు. కాల్చడమంటే చెత్త కుప్పకు నిప్పు పెట్టినట్టు కాదు. దాదాపు 1,200 డిగ్రీల వేడి కావాలి. వేడి చాలకపోతే పీసీబీ పోయి అంతకంటే ప్రమాదకరమైన డయాక్సిన్లు, ఫ్యూరాన్లు పుడతాయి. అరకొరగా శుభ్రం చేస్తే అసలు చేయకపోవడం కంటే నష్టం. డీజిలు పడిన మట్టికి మాత్రం అక్కడా మా పెదనాన్న వైద్యమే చేసి చూశారు. పరిచి, ఎరువు వేసి, తిరగేశారు. చలిలో బాక్టీరియా మందకొడిగా పనిచేస్తుంది కానీ పనిచేస్తుంది.

ఆ పని చేసిన కూలీల్లో ఎక్కువ మంది ఇన్యూట్‌లే. డ్రమ్ములు ఎక్కడ పాతారో, చెత్త ఎక్కడ పోశారో కాగితాల్లో లేని చోట్ల వాళ్ళ పెద్దవాళ్ళ జ్ఞాపకాలే దారి చూపించాయి.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. కెనడా రక్షణ శాఖ తన వంతు 21 కేంద్రాలను శుభ్రం చేయడానికి 50 కోట్ల కెనడా డాలర్ల పైనే పెట్టింది. 1996 ఒప్పందంలో అమెరికా ఇస్తానన్నది 10 కోట్ల అమెరికన్ డాలర్లు, అదీ నగదు కాదు, అమెరికా దగ్గర సైనిక సామగ్రి కొనుక్కోవడానికి. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. విషం వదిలినవాడు బాకీని ఆయుధాలతో తీర్చడం ఏం న్యాయం?

అన్నీ ఓడలెక్కలేదు. తక్కువ కాలుష్యం ఉన్న మట్టిని, తుక్కును అక్కడే గోతుల్లో పూడ్చి పైన కంకర పరిచారు. ఏడాదంతా గడ్డకట్టి ఉండే నేల వాటిని కదలకుండా పట్టుకుంటుందని నమ్మకం. ఆ గోతుల్లో ఉష్ణోగ్రత కొలిచే తీగలు దించి, 25 ఏళ్ళ పాటు గమనించే ఏర్పాటు చేశారు. ఇప్పుడు ఉత్తర ధ్రువ ప్రాంతం మిగతా ప్రపంచం కంటే వేగంగా వేడెక్కుతోంది. తాళం వేసిన పెట్టె కొయ్యకు చెద పట్టినట్టుంది పరిస్థితి.

మన దగ్గర అలాంటి మంచు నేల లేదు, వేడి ఉంది, వేడిలో బాక్టీరియా చురుగ్గా పనిచేస్తుంది. అది మన అదృష్టం. దొనకొండ లాంటి పాత ఇంధన స్థావరాన్ని మళ్ళీ వాడుకునే ముందు చేయాల్సింది మట్టి, నీటి పరీక్ష. విమానాలు నిలిపిన చోట, డ్రమ్ములు పెట్టిన చోట నాలుగైదు లోతుల్లో మట్టి తీయాలి. డీజిలు నీటి కంటే తేలిక కాబట్టి భూగర్భ జలం మీద తేలుతుంది, పీసీబీ నూనె బరువు కాబట్టి మునుగుతుంది. అందుకే దగ్గరి బోరులోనూ పైనుంచి ఒకటి, అడుగునుంచి ఒకటి నమూనా కావాలి. రన్‌వే కట్టే ఖర్చు ముందు ఇది ఏపాటి? ఇక మొదటి గుంట ఎక్కడ తవ్వాలంటారా, అక్కడ ఏళ్ళ తరబడి మేకలు తోలిన ముసలాయన్ను పట్టుకోండి. వాన పడితే నీళ్ళు ఎటు పారతాయో, ఏ మూల గడ్డి లేవదో ఆయన నడిచి చూపిస్తాడు.