నేతిబీర పీచు, మావయ్య చెయ్యి

కోనసీమలో మా కంచె మీద నేతిబీర తీగ ఉంది. విత్తనానికని వదిలేసిన కాయ ఎండాక తొక్క ఒలిచి దులిపితే గింజలు రాలిపోతాయి. కండ అప్పటికే పోయి ఉంటుంది. మిగిలేది పీచే, అయినా కాయ ఆకారం చెదరదు. లోపల నిలువునా ఉండే గొట్టాలూ అలాగే ఉంటాయి. జంతువుల రక్తనాళాన్ని మనిషికి పనికొచ్చేలా చేయడమంటే దాదాపు ఇదే.

మావయ్యకి వారానికి మూడుసార్లు డయాలసిస్. ధమనిని సిరకి కలిపి కుట్టిన ఆయన ముంజేతి మీద వేలు పెడితే జుమ్మని అదురుతుంది. దాన్ని ఫిస్టులా అంటారు. "అదురుతోందేమో చూడబ్బాయ్" అని రోజూ పొద్దున్నే చెయ్యి చాపుతాడు. అదురు ఆగిందంటే గడ్డ కట్టిందేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఫిస్టులా కుదరనివాళ్లకి ధమనికీ సిరకీ మధ్య గొట్టం వేస్తారు. ప్లాస్టిక్ గొట్టాలు పెద్ద ధమనులకి బాగా పనిచేస్తాయి గానీ, సన్నవాటిలో రక్తం గడ్డకడుతుంది. అందుకే గుండె బైపాస్‌కి ఇప్పటికీ కాలి సిరో, ఛాతీ లోపలి ధమనో వాడతారు.

మరి పశువుల రక్తనాళాన్ని ఉన్నదున్నట్టు పెట్టకూడదా? మన ఒళ్లు ఊరుకోదు. వాటి కణాల మీద ఆల్ఫా-గాల్ అనే చక్కెర ఉంటుంది. మనకది లేదు, దాని మీద యాంటీబాడీలు మాత్రం మన రక్తంలో సిద్ధంగా ఉంటాయి. గోడకి బలమిచ్చే కొలాజెన్ పీచు మాత్రం వాటికీ మనకీ చాలావరకు ఒకటే. కాబట్టి కణాలు పోవాలి, పీచు మిగలాలి.

దీనికి వాడే డిటర్జెంట్లలో ఒకటి టూత్‌పేస్టులో నురగ తెప్పించేదే. కణాల పొర కొవ్వుతో అల్లినది, డిటర్జెంటుకి విడిపోతుంది. మిగిలిన డీఎన్ఏని ఎంజైముతో తునకలు చేసి కడిగేస్తారు. పనితనమంతా ఈ కడగడంలోనే ఉంది. ఎక్కువైతే పీచు బలహీనపడి గొట్టం ఉబ్బిపోతుంది, తక్కువైతే మిగిలిన డిటర్జెంటే కొత్త కణాల్ని చంపుతుంది.

ఆలోచన పాతదే. అత్తి జాతి చెట్ల పాలలో దొరికే ఫిసిన్ అనే ఎంజైముతో శుద్ధిచేసిన పశువుల మెడ ధమనుల్ని 1970లలోనే డయాలసిస్ రోగులకి వేశారు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ పంది పిత్తాశయాన్ని ఇలాగే కణాలు తీసేసి, పుండ్లు మాన్పే పొరగా మార్చింది. 2024 డిసెంబరులో అమెరికా అనుమతించిన గొట్టం ఇంకో అడుగు ముందుకేసింది. మనిషి కణాల చేతే పీచు అల్లించి, ఆ తర్వాత వాటిని కడిగేస్తారు. ప్రస్తుతానికి అనుమతి చేతులూ కాళ్లకి దెబ్బతగిలి ధమని తెగినవాళ్లకే. ఎవరి కణాలూ మిగలవు గనక ముందే చేసిపెట్టుకుని ఎవరికైనా వేయొచ్చు. నెలలు గడిచేకొద్దీ రోగి సొంత కణాలే అందులోకి చేరి కాపురం పెడతాయి.

ఇదంతా చెబితే మావయ్య ఒక్కటే అడిగాడు: "అదీ అదురుతుందా?"

అదురుతుంది మావయ్యా. ఆ అదురు గొట్టానిది కాదు, అందులో పారే నీ రక్తం జోరుది.